ముప్పైరెండు కళ్ళ పట్టీ

ఏంది పాపా, తెల్లారినప్పటినించీ ఆ ఒక్క పేజీనే ముందరేసుకుని పెదాలాడిస్తా ఉండావు, ఇంకా ఎక్కలా? చదివింది చదివినట్టే జారిపోతా ఉందా. జారిపోదా మరి. పదిసార్లు చదివితే వచ్చేస్తుందని నీకెవురు చెప్పినారు. అట్ట చూడబాక, నాకు అక్షరం ముక్క రాదు, నిజమే, సంతకం కూడా మీ నాన్న చెయ్యి పట్టి దిద్దిస్తే నేర్చుకున్నా. అయినా గురుతు పెట్టుకోవడం ఎట్టనో నాకు నేర్పించినాయన ఒకాయన ఉన్నాడు. కామాక్షయ్య మామ. నువ్వు చూడలా, మీ నాన్నకే సరిగ్గా గురుతు లేదు. అవతల దీవిలో రాకెట్ల కంపెనీ రాకముందే పోయినాడు. ఇప్పుడు రాకెట్ పోతే మన ఇంట్లో గిన్నెలు గలగలమంటాయి గదా, అప్పుడు ఈ ఉప్పునీళ్ళ చెరువు పక్కన గాలి చప్పుడు తప్పితే ఇంకేం లేదు. సూళ్లూరుపేట పోవాలన్నా సగం దోవ పడవ, సగం దోవ నడక. మామ అంటే సొంత మామ కాదులే, మన కుప్పంలో, అదే ఈ చేపలోళ్ళ పల్లెలో, అందరికీ మామే. పొట్టిగా, చెవుల్నిండా ఎంట్రుకలతో ఉండేవాడు. మాట్లాడేటప్పుడు ఎదుటోళ్ళ మొహం చూసేవాడు కాదు, చేతుల్లో వల చూసుకుంటా మాట్లాడేవాడు.

మొగ తెలుసు గదా నీకు, సముద్రం చెరువులోకి వచ్చే దోవ. రొయ్య రావాలన్నా పోవాలన్నా ఆ సందులోంచే. చెరువంతా తిరిగి వారం వలేస్తే పడేది, మొగలో ఒక్క పూటకి పడుతుంది. అందుకని అందరూ ఒకేసారి పోయి తలలు పగలగొట్టుకోకుండా మా పెద్దోళ్ళు వంతులు పెట్టినారు. రోజుకొక ఇల్లు. ఈరోజు నువ్వు, రేపు నేను, ఎల్లుండి వాడు. ముప్పైరెండు వంతులు. ఒక వంతు పోయిందంటే మళ్ళా నెల దాటినాకే. ఆ ఒక్క దినం పడిన రొయ్యతోనే ఇల్లు నిలబడేది, మిగతా రోజులంతా గంజికే. మరి ఎవురి తర్వాత ఎవురో ఎట్ట తెలుస్తుంది? కాయితం లేదు, పలక లేదు. కామాక్షయ్య మామ చెప్పిందే వరస. ఆయన పేరు చెప్తే వంతున్నట్టు, చెప్పకపోతే లేనట్టు. ఆయనకి వాళ్ళ నాయన చెప్పినాడంట, వాళ్ళ నాయనకి ఇంకెవురో.

రాయించుకోకూడదా అంటావు. అడిగినారమ్మా. గంగాధరం అయ్యవారని, మా కుప్పానికి మొదట వచ్చిన బడి పంతులు, కావలి పక్కనించి వచ్చినాడు, పాపం ఉప్పునీళ్ళు పడక ఎప్పుడూ కడుపు పట్టుకుని తిరిగేవాడు. ఆయనే అన్నాడు, 'నేను రాసిస్తానయ్యా, గోడకి తగిలించుకోండి' అని. మా పెద్దోళ్ళు ఒప్పుకోలా. 'కాయితానికేముంది అయ్యవారూ, ఎవుడి చేతిలో ఉంటే వాడు చెప్పినట్టు చదువుతాది' అన్నారు. అది కూడా నిజమే. అయ్యవారికి మామ అంటే మహా వింత. ఇంత బుర్ర ఎట్ట వచ్చింది ఈ మనిషికి అని ఒకరోజు కూచోబెట్టి పరీక్ష పెట్టినాడు. వరసగా ఇరవై అంకెలు చదివి, 'చెప్పు కామాక్షయ్యా' అన్నాడు. మామ మూడు చెప్పి ఆగిపోయినాడు. ఊళ్ళ పేర్లు చదివినాడు, నాలుగు చెప్పి ఆగిపోయినాడు. అయ్యవారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటా, 'నీది మామూలు బుర్రే గదయ్యా' అన్నాడు. మామ నవ్వినాడు. 'మామూలుదే సామీ, రోజూ నడిచే దోవ కాబట్టి కంప పెరగలా, అంతే' అన్నాడు. నేనక్కడే చేపలెండేస్తా ఉండా, నా చెవులతో ఇన్నా. అప్పుడు ఆ మాట నాకెక్కలా.

మామూలు బుర్ర కూడా కాదులే, నిజం మాట్లాడుకుంటే మామూలు కంటే అధ్వానం. వాళ్ళావిడ ముసలమ్మ అత్త, పేరు ముసలమ్మే గానీ అప్పటికి ఇంకా గట్టిగా ఉండేది, ఆమె గొంతు ఈ కొసనుంచి ఆ కొసకి ఇనిపించేది. 'ఏమయ్యా, ఉప్పు తెమ్మని అంగడికి పంపిస్తే ఉత్తచేతులతో వచ్చినావు, పోనీ ఉప్పు లేదన్నాడా అంటే, అంగడికే పోలేదంటావు, మరి యాడికి పోయినావు' అని. 'పోతా ఉంటే ఎవురో పలకరించినారే, నిలబడినా, మళ్ళా ఇంటికే తిరిగినట్టుండా' అనేవాడు. తువ్వాలు భుజాన ఉండేది, తువ్వాలు కోసం ఇల్లంతా ఎతికేవాడు. ముప్పైరెండు పేర్లు మాత్రం ఒక్కటి తప్పేది కాదు. ఎట్టనో తెలుసా? వల అల్లేటప్పుడు చెప్పుకునేవాడు. తెల్లారగానే ఒడ్డున పడవకి ఆనుకుని కూచుని, వెదురు సూదికి దారం చుట్టుకుని అల్లేవాడు. ఎవురైనా అల్లితే వల ఎంత ఎడల్పు కావాలంటే అంత అల్లుతారు. ఈయన మాత్రం పట్టీలు అల్లేవాడు, ఒక్కో వరసకి ముప్పైరెండు కళ్ళు, కళ్ళంటే వల సందులే, అంతే, తర్వాత ఆ పట్టీలు కలిపి కుట్టేవాడు. ఒక కన్ను, ఒక ముడి, ఒక పేరు. మళ్ళా తిరుగు వరసలో ఎనకనించి ముందుకి. ముప్పైరెండని నీకెట్ట తెలుసే అంటావేమో. మా కుప్పంలో మనుషుల్ని లెక్కపెట్టేది లేదు, పడవల్ని లెక్కపెట్టేది లేదు, దిష్టి. నేను వల కళ్ళు లెక్కపెట్టినా. దానికి దిష్టేముంది.

ఇంక అసలు సంగతికొస్తా. మీ తాత పోయినప్పుడు నాకు ఇరవై రెండు, మీ నాన్న పాలు తాగే బిడ్డ. యాభై ఎనిమిదిలో, వానల్లో. మొగ కాడ గాలి తిరిగి పడవ బోర్లా పడింది, ముగ్గురు ఈది వచ్చినారు, ఆయన రాలా. రెండో రోజు దొరికినాడు. అది వద్దులే ఇప్పుడు. మా కుప్పంలో ఒక కట్టుబాటుండేది. నీళ్ళల్లో పోయినోడి పేరు ఏడాది దాకా ఒడ్డున చెప్పకూడదు. పిలిచినట్టవుతుందంట. పిలిస్తే వస్తాడంట, పడవెక్కి కూచుంటాడంట, పడవ బరువవుతుందంట. ఆ ఇంటి వల కూడా ఏడాది మొగలో దిగకూడదు. ఏడాది కాంగానే మళ్ళా వంతు వాళ్ళది వాళ్ళకే. ఆ ఏడాదీ ఎట్ట బతికినా అంటే, కామాక్షయ్య మామ కాడ వలలు అల్లి. 'రా అమ్మా, నా పక్కన కూచుని అల్లు, నీకూ నీ బిడ్డకీ కూడు నేను చూస్తా' అన్నాడు. మంచోడు. చివరికి ఏమనిపించినా సరే, ముందు ఆ మాట చెప్పాల, మంచోడు.

రోజూ పక్కన కూచుంటే ఇనిపించేది గదా, ఆయన వరస. మా బావ రమణయ్య, అంటే మీ తాతకి అన్న, ఆయన పేరు పదో కన్ను. పదకొండు మీ తాత. పన్నెండు కామాక్షయ్య మామే, ఆయన సొంత వంతు. పదకొండో కన్ను కాడికొచ్చేసరికి మామ నోరు మూసుకునేవాడు. పేరు చెప్పకూడదు గదా. చెయ్యి మాత్రం ముడేసేది. గొంతులో 'ఊఁ' అనేవాడు. రమణయ్య, ఊఁ, కామాక్షయ్య. మొదట్లో ఆ ఊఁ అనేటప్పుడు అల్లేది ఆపి మొగ వైపు చూసేవాడు. నేనూ చూసేదాన్ని. నిజం చెప్తా ఉండా పాపా, ఆ ఊఁ కోసమే పొద్దున్నే లేచి పోయేదాన్ని. ఇంట్లో ఎవురూ ఆయన మాటెత్తరు, ఎత్తితే నేను ఏడుస్తానని. ఒడ్డున చెప్పకూడదు. నేనా, పెళ్ళాన్ని, మొగుడి పేరు నా నోట రాకూడదు. ఆయన ఉండిందంతా ఆ ఊఁ లోనే. నెలలు గడిచేకొద్దీ మామ మొగ వైపు చూడ్డం మానేసినాడు. ఊఁ కూడా పొట్టిదైపోయింది. ఆఖరికి ఇంక ఊపిరి పీల్చుకున్నట్టుగా అయిపోయింది. నాకు దిగులు పుట్టేది గానీ ఎందుకు దిగులో తెలిసేది కాదు.

ఏడాది అయింది. నా తమ్ముడు వలేస్తాడని, వంతు ఇప్పించమని కుప్పం పెద్దల్ని అడిగినా. చిన్నపోలయ్య అని పెద్దాయన, చుట్ట కాల్చేవాడు, ప్రతి మాటకీ ముందు చుట్ట తీసి పక్కన పెట్టేవాడు. అందరూ ఒడ్డున కూచున్నారు, మొగోళ్ళు ఇసకలో, ఆడోళ్ళం ఎనక నిలబడినాం. 'కామాక్షయ్యా, వరస చెప్పు' అన్నాడు. మామ చేతులు కట్టుకుని నిలబడి చెప్పినాడు. చిన్నపోలయ్య దగ్గర మొదలుపెట్టి గడగడా పోతా ఉండాడు. రమణయ్య, కామాక్షయ్య, అంటా పోయినాడు. ఊఁ కూడా లేదు. చివరిదాకా చెప్పి ఊరుకున్నాడు. లెక్కపెట్టరు గదా, ఒకటి తక్కువైందని ఎవురికి తెలుస్తుంది.

నా తమ్ముడు లేచి, 'మా అక్కోళ్ళ వంతేదీ' అన్నాడు. చిన్నపోలయ్య చుట్ట పక్కన పెట్టి, 'ఏం కామాక్షయ్యా' అన్నాడు. మామ, 'వరసలో లేదు గదా' అన్నాడు, అబద్ధం చెప్పే మొహం కాదది, తువ్వాలు ఎతుక్కునే మొహం. ఇంక చూడు వింత. మా బావ రమణయ్య తల గోక్కుంటా, 'మేమిద్దరం కలిసే గదా మొగలో వలేసింది, అది నా వంతే అయ్యుంటాదేమో' అన్నాడు. కలిసే ఏసినారమ్మా, నిజమే, వాళ్ళ వంతున ఈయన పోయేవాడు, ఈయన వంతున వాళ్ళు వచ్చేవాళ్ళు. ఆయన ఆ మాట అన్నాడో లేదో, ఇంకొకాయన లేచి, 'అవును, వాడు అన్న వంతులోనే ఏసేవాడు, నేను చూసినా' అన్నాడు. ఇంకొకాయన, 'వేరు పడతానన్నాడు గానీ పడలా' అన్నాడు. నెలకొకసారి మీ తాత పడవ మొగలో కళ్ళారా చూసినోళ్ళే అందరూ. ఎవురూ నా మీద పగబట్టి చెప్పలా. అప్పుడు వాళ్ళని తిట్టుకున్నా, మన్నుబొయ్య అని. తర్వాత తర్వాత తెలిసొచ్చింది, మామ వరస ఎప్పుడూ తప్పలేదు గదా, అందుకని వాళ్ళు చూసిందాన్నే మార్చుకున్నారు, మార్చుకున్నట్టు వాళ్ళకీ తెలవదు. జ్ఞాపకం అనేది పెట్టెలో పెట్టిన చీర కాదు పాపా, తీసిన ప్రతిసారీ మడత మారిపోతుంది.

వంతు పోతే ఏంది మా గతి. నా తమ్ముడు ఇంకొకరి పడవలో కూలికి పోవాల, నేను జీవితమంతా వలలు అల్లాల, మీ నాన్న పెద్దోడైనాక మొగ ఒడ్డున నిలబడి ఊరోళ్ళు వలేస్తా ఉంటే చూడాల. అంతకంటే ఇంకోటుంది. వరసలో పేరు లేదంటే ఆయన ఈ కుప్పంలో మనిషే కాదన్నట్టు. నాకు ఏడుపు రాలా, కోపం వచ్చింది. ఎనకనించి అరిచినా, 'మామ చేతికి వల ఇయ్యండి' అని. మొగోళ్ళందరూ తిరిగి చూసినారు. 'ఉత్త చేతులతో చెప్పినాడు. వలిచ్చి చెప్పమనండి' అన్నా. చిన్నపోలయ్యకి నచ్చలా, ఆడమనిషి మాట్లాడడం, గానీ ముసలమ్మ అత్త అప్పటికే పరిగెత్తి పోయి పట్టీ, వెదురు సూదీ తెచ్చి మొగుడి ఒళ్ళో పడేసింది. 'అడుగుతా ఉంది గదా, అల్లు' అనింది.

మామ కూచున్నాడు. కొత్త వరస మొదలుపెట్టినాడు. ఒక్కో ముడీ, ఒక్కో పేరు. రమణయ్య. ఊఁ. కామాక్షయ్య. 'ఆపు' అన్నా నేను. 'ఆ ఊఁ ఏంది మామా?' 'ఏ ఊఁ?' అన్నాడు. ఒట్టు, ఆయనకి తెలవదు. మళ్ళా అల్లమన్నారు. మళ్ళా అట్టనే. ఈసారి అందరూ ఇన్నారు, ఆయనా ఇన్నాడు. ముందు గదిలో ఎవురో మాట్లాడినట్టు తన గొంతు తానే ఇన్నాడు. ఎవుడో, 'ముసలాయన గదా, ఊపిరి పీల్చుకుంటా ఉండాడులే' అన్నాడు. మామ వేలు పెట్టి వల కళ్ళు తడిమినాడు. 'ఊపిరైతే ముడి ఎందుకు పడింది' అన్నాడు. తనలో తనే అన్నాడు. పదకొండో ముడిని బొటనేలితో పట్టుకుని అట్టనే కూచున్నాడు. పక్కనుండే ఒకాయన పేరు అందించబోయినాడు. చిన్నపోలయ్య చెయ్యెత్తి, 'ఎవురూ అందించబాకండి, అందిస్తే అది మీ మాట అవుతుంది, వరస కాదు' అన్నాడు. అది న్యాయమే. ఇంక అందరికీ నోరు కట్టేసినట్టే. నాకు మాత్రం ముందునించే కట్టేసుంది.

ఇప్పుడు నీకు పనికొచ్చే మాట చెప్తా, ఇను. ఆయన పేరు కోసం ఎతకలా. 'పేరు రాదు, పేరు పక్కనుండేవాటి కాడికి పోతా' అన్నాడు. కళ్ళు మూసుకుని మెల్లగా చెప్పుకుంటా పోయినాడు. 'ఈ పట్టీ ముందు ముప్పైయొక్క కళ్ళే. ఈ కన్ను నేనే కొత్తగా చేర్చినా. ఎప్పుడు చేర్చినా? ఎండాకాలం. ఇసక కాలతా ఉంది. దారం చేతికి అంటుకుంటా ఉంది. ఎందుకు అంటుకుంటా ఉంది? చేతులు జిగట. ముంజలు తిన్నా. ఎవురో ముంజలు తెచ్చినారు, గెల గెలగానే భుజాన ఏసుకుని వచ్చినాడు. నా ముందర కూచుని తనూ తిన్నాడు, బొటనేలితో పొడిచి నోట్లో పెట్టుకుంటే నీళ్ళు మోచేతిదాకా కారినాయి. నవ్వినాడు. ముందు పన్ను రవ్వంత విరిగుండాది. మామా, అన్నా నేనూ వేరు పడినాం, నాకొక కన్ను ఎయ్యి, అన్నాడు.' కళ్ళు తెరిచి నా వైపు చూసినాడు. 'మునెయ్య' అన్నాడు.

ఏడాది తర్వాత ఇన్నా ఆ పేరు. ఇసకలో కూలబడి ఏడ్చినా, ఇంక సిగ్గేముంది. వంతు వచ్చిందని కాదు. ఆ విరిగిన పన్ను, పాపా. నాతో రోజూ నవ్విన మనిషి, ఆ పన్ను నాకే గురుతు లేకుండా పోయింది, ఒక్క ఏడాదిలో. మా బావ కూడా తలకొట్టుకున్నాడు, 'ముంజలు నా చెట్టువే, నేనే దించినా, ఎట్ట మరిచినా' అని. వంతు మాకే అన్నారు.

మర్నాడు పొద్దున్నే మామ మా గుమ్మం ముందర నిలబడి ఉండాడు. లోపలికి రమ్మంటే రాడు. 'అమ్మా, ఒక మాట అడగాల. నీ మొగుడి తర్వాత వంతు నాది, ఖాళీగా ఉండే వంతు పక్కోడికే గదా పోయేది. ఈ ఏడాదీ ఆయన రోజున మొగలో వలేసింది నేనే. మొదటి నెల ఆ రొయ్య నోట్లో పెట్టుకోబుద్ధి కాలా. రెండో నెల తిన్నా. తర్వాత అది నా రోజే అన్నట్టు అలవాటైపోయింది. ఇప్పుడు నాకు తెలవడం లేదు, నోట చెప్పక మరిచినానా, మరిస్తే బాగుండునని మరిచినానా' అన్నాడు. నన్ను అడుగుతాడేంది. కోపం వచ్చింది, జాలి వచ్చింది, రెండూ ఒకేసారి. ఇప్పటికీ అల్లేటప్పుడు అప్పుడప్పుడూ ఆలోచిస్తా ఉంటా. మనిషికి తెలవకుండా మనిషిలోనే ఇంకొకడు కూచుని ఇది ఉంచు, ఇది పారెయ్యి అని ఏరతా ఉంటాడేమో. వాడు ఎవురి పక్షమో చెప్పలేం. ఏదీ, నువ్వు చదువుకున్నదానివి గదా, పుస్తకంలో రాసిందా దాని గురించి? రాయలా. ఊఁ.

ఆ గుమ్మం ముందర్నే మామ, 'ఒక్కడి కాడ ఉండకూడదమ్మా ఈ వరస, ఇంకొకరు కూడా మొయ్యాల, నేను తప్పితే పట్టుకునే మనిషి కావాల. నా ఊఁ ఇన్నది నువ్వు ఒక్కదానివే' అన్నాడు. వరస నాకు నేర్పిస్తానన్నాడు. కుప్పంలో గోల. చిన్నపోలయ్య చుట్ట పక్కన పెట్టి, 'ఆడమనిషి నోట వంతులేంది కామాక్షయ్యా, మొగలో నీళ్ళు ఇంకిపోతాయి' అన్నాడు. మామ, 'మొగోడి నోట ఒకటి ఇంకిపోయింది గదా, చూసినాం గదా' అన్నాడు. అంతే, నా చేతికి వెదురు సూది ఇచ్చినాడు.

మొదటి రోజు పది పేర్లు బాగానే చెప్పినా. పదకొండు కాడ ఆగిపోయినా. నాలిక తిరగదే. నోరు తెరుస్తా, మూస్తా. 'చెప్పు' అంటాడు. 'నువ్వే చెప్పు మామా, నేను ముడేస్తా' అంటా. 'కుదరదు. ఇంట్లో నీ మొగుడు, ఇక్కడ పదకొండో వంతు. మళ్ళా ఒక ఊఁ తయారు చేస్తావా' అన్నాడు. ఆ మాటకి భయమేసి చెప్పేసినా. మునెయ్య. నా గొంతు నాకే కొత్తగా ఇనిపించింది. పెళ్ళైన ఐదేళ్ళకి మొదటిసారి మొగుడి పేరు చెప్పినా, అదీ ఆయన పోయినాక.

నేర్పించడంలో మాత్రం నన్ను కాల్చుకు తిన్నాడు. పది తడవలు చెప్పి నువ్వు ఇప్పుడు చేసినట్టు చేస్తే ఒప్పుకునేవాడు కాదు. పొద్దున ఒకసారి చెప్పించి, పో, చేపలెండేసి రా అనేవాడు. ఎండేసి వచ్చినాక మళ్ళా. రేపు వద్దు, ఎల్లుండి రా. ఎల్లుండికి సగం పోయేవి. 'పోనీ, పోతా ఉన్నప్పుడు పట్టుకుంటేనే గట్టిగా నిలబడుతుంది, ఉన్నదాన్నే పట్టుకుంటా ఉంటే చేతికి పనేముంది' అనేవాడు. తప్పితే చెప్పేవాడు కాదు, నేను గింజుకుని గింజుకుని తెచ్చుకోవాల్సిందే. నడిచిపొమ్మనేవాడు, మనసులో, కుప్పం ఈ కొసనించి ఆ కొసకి, ఒక్కో గుమ్మం ముందర ఒక వింత పెట్టుకుని. చిన్నపోలయ్య గుమ్మంలో గేదె చుట్ట తాగతా ఉన్నట్టు పెట్టుకున్నా, ఆయన్ని చూస్తే నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని. మధ్యలో ఉన్నట్టుండి ముసలమ్మ అత్త చేత కేకేయించేవాడు, 'చెంచమ్మా, నీ కూర మాడిపోతా ఉంది' అని, నేను ఉలిక్కిపడి లేచి, కూర లేదు ఏం లేదు, మళ్ళా కూచుంటే, 'ఇప్పుడు పందొమ్మిదో పేరు చెప్పు' అనేవాడు. ఎనకనించి ముందుకి, నడుమనించి రెండు వైపులకీ. ఆరు నెలలకి నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అందుకే చెప్తా ఉండా, ఆ పుస్తకం మూసేసి చెప్పు. మూసినాక ఎంత వచ్చిందో అదే నీది.

అరవై ఏడులో పోయినాడు మామ. ముంచుకొచ్చేదేం లేదు, జ్వరం తగిలింది, నాలుగు దినాలు పడుకున్నాడు. జ్వరం దిగుతా ఉన్నప్పుడు ఏమీ ఎరగనట్టు లేచి చెరువు ఒడ్డుకి చెయ్యి కడుక్కొస్తానని పోయి, నీళ్ళల్లో జారినాడు. మోకాటి లోతు నీళ్ళు. చూడు, ఎంత మనిషికైనా చావు చెప్పి రాదు. నీళ్ళల్లో పోయినట్టే లెక్క అన్నారు పెద్దోళ్ళు. ఏడాది పేరెత్తకూడదు అన్నారు.

సాగనంపిన మర్నాడు ఒడ్డున వరస చెప్పాల్సింది నేను. రోజూ చెప్తేనే గదా ఎవురి వంతో తెలిసేది. పట్టీ తీసుకుని కూచున్నా. అందరూ వచ్చినారు, నేనేం చేస్తానో చూద్దామని వచ్చినట్టే ఉంది. చిన్నపోలయ్యకి అప్పటికి చుట్ట మానిపించినారు గానీ చెయ్యి మాత్రం నోటి కాడికి పోయి వచ్చేది. అల్లతా పోయినా. రమణయ్య. మునెయ్య. పన్నెండో కన్ను కాడికొచ్చినా. ఊఁ అందామా అనిపించింది, అబద్ధం ఎందుకు. ఏడాదే గదా. అంతలో ఆయన మొహం, తువ్వాలు ఎతుక్కునే మొహం, కళ్ళ ముందర ఆడింది. 'కామాక్షయ్య' అన్నా. గట్టిగానే అన్నా. చిన్నపోలయ్య, 'అమ్మా, పిలిచినట్టవుతుంది, వచ్చి పడవెక్కుతాడు' అన్నాడు. 'ఎక్కనీ అన్నా, ఆ పొట్టి మనిషి బరువెంత' అన్నా. నవ్వినోళ్ళు నవ్వినారు, తిట్టినోళ్ళు తిట్టినారు. నేను మాత్రం రోజూ చెప్పినా. ఏ పడవా మునగలా.

వారం దినాలకి ముసలమ్మ అత్త వచ్చి నా పక్కన కూచునేది మొదలుపెట్టింది. గొంతు పడిపోయింది పాపం, ఆ గొంతే లేదు. వల పట్టదు, మాట్లాడదు. తోడుకొచ్చిందిలే అనుకున్నా. మధ్యలో లేచి చీర దులుపుకుని పోయేది. ఎందుకు పోతా ఉందో పట్టించుకోలా. ఒకరోజు నాకు జలుబు చేసి గొంతు పట్టుకుపోయింది, వినేదెవురులే అని పెదాలతోనే చెప్పుకుంటా అల్లతా ఉండా. వరస అయిపోయింది. తిరుగు వరస అయిపోయింది. ఇంకొకటి మొదలుపెట్టినా. ఆమె లేవదే. ఎండ నెత్తి మీదికి వచ్చింది, ఇసక కాలతా ఉంది, 'పో అత్తా, కళ్ళు తిరుగుతాయి' అన్నా. లేవలా. నా నోటి వైపే చూస్తా కూచునుంది. అప్పుడు తట్టింది నాకు. గొంతు పెగుల్చుకుని, పన్నెండో కన్ను పేరొక్కటే గట్టిగా చెప్పినా, కామాక్షయ్య అని. ఆమె లేచి, చీర దులుపుకుని, ఇంటికి పోయింది.

...

మబ్బు పట్టినట్టుంది చూడు. పోయి ఆ ఎండేసిన చేపలు లోపలికి తియ్యి, తడిస్తే పురుగు పడతాయి.